పొగ ఎటు పోతుంది?

మొన్న చలికాలం ఆలేరులో మా ఇంటి వెనక ఒక తగువైంది. పెద్దదేం కాదు. అమ్మ పొద్దున ఐదింటికే పెరట్లో నీళ్ళ పొయ్యి ముట్టిస్తుంది. పొగ గోడ దాటి పక్కింట్లోకి పోతుంది. ఆ ఇంటి పెద్దాయనకు దమ్ము. వాళ్ళ కోడలు రెండుసార్లు మర్యాదగానే చెప్పింది, "అత్తమ్మా, పొగంత మా ఇంట్లకే వస్తున్నది, మామకు ఊపిరాడుతలేదు" అని. మూడోసారి మాత్రం, "పొమ్మనలేక పొగవెట్టినట్టు చేస్తున్నరు" అన్నది. అక్కడ చెడింది. గోడ కట్టినప్పుడు జానెడు జాగ దగ్గర జరిగిన పాత మాటలన్నీ బయటికొచ్చినయి. నేను శనివారం రైలు దిగి ఇంటికి పోయేసరికి అమ్మ పొగ సంగతి ఎత్తనే లేదు. "నేను వాళ్ళను పొమ్మంటున్ననట!" అదొక్కటే ఆమె మనసులో ఉన్నది.

ఆ సామెత అప్పటినుంచి నన్ను వదలడం లేదు. పొగ గురించి తెలుగులో అందరి నోటా ఉండే సామెతలు రెండు. ఒకటి ఇది. రెండోది, నిప్పు లేనిదే పొగ రాదని. మొదటిదాంట్లో పొగ ఆయుధం, రెండోదాంట్లో సాక్ష్యం. ఎవరి మీదా కోపం లేకుండా, దేనికీ సాక్ష్యం కాకుండా, ఉత్తగా పక్కవాడి ఛాతీలోకి పోయే పొగకు మాత్రం మన దగ్గర సామెత లేదు. అందుకే తగువు పొగ మీద మొదలైనా చివరికి ఉద్దేశం మీదికి పోతుంది. ఉద్దేశం మీద తగువు తెగదు కదా.

తర్కశాస్త్రంలోనూ అంతే. అన్నంభట్టు తర్కసంగ్రహంలో అనుమానానికి ఇచ్చే ఉదాహరణ, కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తేల్చడం. పొగ ఉన్నచోట నిప్పుంటుందని ఎట్లా తెలుసంటే, వంటింట్లో చూశాం కాబట్టి. ఎంత చక్కని ఉదాహరణో! కానీ ఆ తార్కికుడు కొండకు దూరంగా నిలబడ్డాడు. వంటింటిని కూడా గుమ్మం దగ్గర్నుంచే చూసినట్టున్నాడు. ఎవరూ దగ్గరు.

ఆధునిక సాహిత్యం ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. చాసో 'కుంకుడాకు'లో పొయ్యిలోకి ఆకులు ఏరుకునే పేద పిల్ల ఉంది. నిప్పు వెనక ఎంత లేమి ఉంటుందో ఆ చిన్న కథ చెప్పినట్టు పెద్ద నవలలు చెప్పలేదు. విమల 'వంటిల్లు' కవిత చిన్నతనంలో అపురూపంగా తోచిన వంటింటితో మొదలై, ఆ వంటిల్లే ఆడవాళ్ళను ఎట్లా మింగేసిందో చూపిస్తుంది. ఒకటి పొయ్యికి ముందటి కథ, ఇంకోటి పొయ్యి ముందు నిలబడ్డ మనిషి కవిత. పొయ్యి దాటాక పొగ ఎటు పోతుందన్న కథ మాత్రం నేను ఇంతవరకు చదవలేదు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక చాలా ఇళ్ళలో వంట గ్యాస్ మీదికి మారింది. మా ఇంట్లోనూ అంతే. నీళ్ళ పొయ్యి మాత్రం పెరట్లోనే ఉండిపోయింది. చేలోంచి పత్తి కట్టె ఊరికే వస్తున్నప్పుడు కాగెడు నీళ్ళకు సిలిండర్ ఎవరు కాలుస్తారు? అంటే పొగ అమ్మ కళ్ళలోంచి కొంత తప్పుకుని గోడవతలికి మకాం మార్చింది. సాహిత్యం ఇంకా పాత చిరునామాకే ఉత్తరాలు రాస్తున్నది.

ఇందులో నా తప్పూ ఉంది. రెండేళ్ళ కింద సంక్రాంతికి ఊరి పొగ మీద ఫేస్‌బుక్‌లో ఒక మురిపెమైన ముక్క రాశాను. తెల్లారి మంచులో పొగ, కాగులో నీళ్ళు, కట్టె వాసన, అమ్మ. లైకులు బాగానే వచ్చాయి. కింద పక్కింటి అమ్మాయి ఒక్క వాక్యం రాసింది: "మంచిగ రాసినవన్నా, మా కిటికీ సంగతి రాయలే." నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టింది కాబట్టి నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చదివితే ఆ ముక్క మీద వచ్చిన సరైన విమర్శ అదొక్కటే. నా వాక్యాల్లో పొగ తెరలు తెరలుగా పైకి లేచింది. నిజానికి అది లేవదు. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి పైగాలి కంటే చల్లగా ఉంటుంది. పొగ పైకి పోలేక గోడ ఎత్తులోనే పరుచుకుంటుంది. కట్టె తడిదైతే అందులోని నీరు ఆవిరయ్యేదాకా మంట సరిగ్గా అంటుకోదు, పొగ ఇంకా ఎక్కువ. దీంట్లో ఎవరి కుట్రా లేదు.

చట్టం ఏమంటుందో అని కూడా చూశాను. 1860 నాటి శిక్షాస్మృతిలో 278వ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 280. జనం ఆరోగ్యానికి హాని కలిగేలా గాలిని పాడుచేస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా. అయితే అక్కడా మొదటి షరతు, ఆ పని 'కావాలని' చేసి ఉండాలి. తెలిసి చేయడం కూడా అందులోకే వస్తుందనుకోండి, చట్టం మా పక్కింటామె కంటే కొంచెం నయం. మా వృత్తిలో బగ్ వస్తే ఎవరు కావాలని పెట్టారని అడగం, ఎక్కడ మొదలై ఎటు పోతున్నదని చూస్తాం. ('గిట్ బ్లేమ్' అని ఒక కమాండ్ ఉన్నమాట నిజమే. అది వాడిన రోజు టీమ్‌లో మాటలుండవు.)

ఈ కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. అందులో దుర్మార్గులు ఉండకూడదు. దమ్ముతో మంచంలో కూర్చున్న పెద్దాయన వైపునుంచి మొదలవ్వాలి. చల్లనీళ్ళు పోసుకుంటే కీళ్ళు పట్టేసే మనిషి ఇవతల ఉండాలి. ఇద్దరివీ న్యాయమైన ఒళ్ళే. నేను రాయలేను. కొడుకును కాబట్టి గోడకు ఇవతలే నిలబడతాను, ఆ సంగతి ఫేస్‌బుక్ ముక్కతోనే తేలిపోయింది.

కిందటి వారం అమ్మ ఫోన్లో చెప్పింది. కట్టెను రేకుల కిందికి మార్చిందట, పొయ్యి ఎండ ఎక్కినంక ఎనిమిదింటికి ముట్టిస్తున్నదట. మరి పొగ తగ్గిందా అని అడిగాను.

"నాకేమెరుక బిడ్డా, వాళ్ళ ఇంట్లకు పోతే గదా తెలిసేది. ఆమె ఇంకా మాట్లాడుతలేదు."