ఇరుకే దాని బలం

గాజు ఎలక్ట్రోడ్ల కాలం చెల్లిందని, ఇక ఏ ద్రవంలోనైనా ఆమ్లత్వాన్ని ఆప్టికల్ ఫైబరే కొలిచేస్తుందని ఈ వారం చదివిన మాట నాకు మింగుడు పడలేదు. ఈ కాలమ్‌ను విడవకుండా చదివేవారికి నా పట్టుదల తెలుసు: పరికరం చూపే అంకెను నమ్మేముందు, అది నిజంగా దేన్ని చూస్తోందో అడగాలి. ఫైబర్‌కు ఆమ్లం తెలియదు, వెలుగును మోయడమే దాని పని. ఆమ్లాన్ని పసిగట్టేది కొన దగ్గర అమర్చిన రంగుద్రవ్యం. పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడడం, నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడడం మన ఇళ్లలో చూసిందే. ఫైబర్ కొన దగ్గర జరిగేదీ ఆ తరహా మార్పే. అయితే పసుపుకు చింతపండు పులుసూ మజ్జిగా ఒకటే, రెండింటిలోనూ పచ్చగానే ఉంటుంది. ఏ రంగుద్రవ్యానికైనా తన రంగు మారే బిందువుకు అటూ ఇటూ, ఆమ్లత్వపు కొలమానమైన పీహెచ్‌లో ఒక పాయింటు, మహా అయితే ఒకటిన్నర, అంతవరకే చూపు. గాజు ఎలక్ట్రోడ్ ఒక్కటే 1 నుంచి 12 దాకా కొలుస్తుంది. పైగా రంగు వెలుగు తగిలి వెలిసిపోతుంది, కొంచెం కొంచెంగా ద్రవంలోకి కారిపోతుంది.

ఇంతకన్నా లోతైన అభ్యంతరాన్ని రసాయన శాస్త్రవేత్త జిరి జనాటా 1987లో ‘అనలిటికల్ కెమిస్ట్రీ’ పత్రికలో లేవదీశారు: ఆప్టికల్ సెన్సర్లు కొలిచేది అసలు పీహెచ్‌నేనా? పీహెచ్ నిర్వచనంలో ఉన్నది హైడ్రోజన్ అయాన్ల క్రియాశీలత. రంగు చెప్పేదేమో ప్రోటాన్ పట్టుకున్న అణువులెన్ని, వదిలేసినవెన్ని అన్న నిష్పత్తి. ఆ నిష్పత్తి నుంచి పీహెచ్‌కు చేరాలంటే ద్రవంలో లవణాలు ఎంతున్నాయో ముందే తెలియాలి. ఈ వాదన బలమైనదే. కానీ ఇదే గీటురాయి ఎలక్ట్రోడ్‌కూ పెట్టాలి కదా. ఒకే రకం అయాన్ క్రియాశీలతను విడదీసి కొలిచే మార్గమే లేదు. అందుకే ఎలక్ట్రోడ్‌నూ ఒప్పందం మీద విలువ కట్టిన బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచేస్తాం. అంటే తేల్చుకోవాల్సింది ఏ పరికరం గొప్పదని కాదు, ఏ ద్రవంలో దేన్ని ముంచుతున్నామని.

రక్తాన్ని తీసుకోండి. దాని పీహెచ్ మామూలుగా 7.35 నుంచి 7.45 మధ్యే ఉంటుంది, లవణాల పాళ్లూ పెద్దగా మారవు. 1980లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పీటర్సన్ బృందం ఫినాల్ రెడ్ అనే రంగుద్రవ్యాన్ని ప్లాస్టిక్ ఫైబర్ల కొన దగ్గర చిన్న పొరగొట్టంలో బంధించి, 7.0–7.4 మధ్య 0.01 తేడాను పట్టుకుంది. పీహెచ్‌ను బట్టి రంగుద్రవ్యం పీల్చుకునే పాలు మారే ఆకుపచ్చ వెలుగును, ఆ మార్పు తగలని ఎర్ర వెలుగుతో పోల్చారు కనుక దీపం మసకబారినా లెక్క చెడదు. ఒంట్లోకి కరెంటు వెళ్లదు, పోలికకు వేరే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ అక్కర్లేదు. నేను లోపమన్న ఇరుకే ఇక్కడ బలమైంది: రంగు మార్పంతా ఆ కొద్ది మేరలోనే జరగబట్టి అంత సన్నని తేడా కనిపిస్తోంది. సముద్ర శాస్త్రవేత్తలు కూడా, ఫైబర్‌తో కాకపోయినా, మెటా క్రెసాల్ పర్పుల్ రంగునే నమ్ముకున్నారు. సముద్రపు ఉప్పదనం కొలిచి తెలుసుకోగలిగేదే మరి. వాళ్లు పట్టుకోవాల్సిన తేడాలూ సన్ననివే: పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గరున్న సముద్రపు పైనీటి పీహెచ్ ఇప్పుడు 8.1కి దిగింది. చూడటానికి చిన్నదే, కానీ హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతం పెరిగినట్టు.

మన కోస్తా రొయ్యల చెరువు సంగతి వేరు. గట్టి వాన పడితే ఉప్పదనం పడిపోతుంది, ఫైబర్ కొనకు నాచు పడుతుంది. అక్కడ మాత్రం ఎలక్ట్రోడ్‌నే తుడిచి, బఫర్‌లో సరిచూసుకుని ముంచమంటాను.