వంశవృక్షంలో లేని తల్లులు

మిషెల్ అలెగ్జాండర్ రాసిన ‘ది న్యూ జిమ్ క్రో’ (2010) పుస్తకం ఉపోద్ఘాతాన్ని కొన్నేళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. అది జార్వియస్ కాటన్ అనే నల్లజాతి మనిషితో మొదలవుతుంది. అతనికి ఓటు లేదు. తండ్రికి పోల్ టాక్సు, అక్షరాస్యత పరీక్షలు అడ్డొచ్చాయి. తాతని కు క్లక్స్ క్లాన్ బెదిరించి ఆపింది. ముత్తాత ఓటు వెయ్యాలని చూస్తే క్లాన్ కొట్టి చంపింది. ఆయన తండ్రి బానిస. ఇప్పుడు కాటన్‌కి అడ్డం ‘ఫెలన్’ అన్న ముద్ర, పెరోల్. అయిదు తరాలకీ ఒకటే గోడ.

ఒకరోజు ఒక విద్యార్థిని అడిగింది: “మేడమ్, వీళ్ళ అమ్మలకి ఓటుందా?”

స్త్రీల జైలు జ్ఞాపకాల మీద డాక్టరేట్ చేసిన నాకు ఆ ప్రశ్న అంతవరకూ తట్టనే లేదు. సిగ్గేసింది.

1870లో 15వ సవరణ వచ్చాక కూడా ఆ ఇళ్ళల్లోని స్త్రీలు ఓటర్లు కారు. 1920లో 19వ సవరణ వచ్చినా, దక్షిణాదిలో మగవాళ్ళని ఆపిన పన్నులూ పరీక్షలే వాళ్ళనీ ఆపాయి. 1965 ఓటుహక్కు చట్టం దాకా చాలామందికి అదే గతి. ఓటు పోవడాన్ని తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వారసత్వంగా చెప్పినప్పుడు ఈ చరిత్ర మొత్తం కనిపించకుండా పోతుంది. స్త్రీల ప్రత్యేక అనుభవం గురించి తన పుస్తకంలో పెద్దగా లేదని అలెగ్జాండరే నిజాయితీగా ఒప్పుకుంది. కానీ ఇది ఒక అధ్యాయం కలిపితే తీరే లోటు కాదు. కథ నడిచిన దారిలోనే ఉంది.

మన దేశంలో 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం జైల్లో ఉన్నంతకాలం ఓటు వెయ్యకూడదు. విచారణ ఖైదీలకీ అంతే. బయటికొస్తే వెయ్యొచ్చు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో శిక్ష ముగిసేదాకా, కొన్నిట్లో ఆ తర్వాత కూడా ఓటు రాదు. ఫ్లోరిడాలో 2018 నవంబరులో 64 శాతానికి పైగా ఓటర్లు, హత్య, లైంగిక నేరాలు మినహాయించి, శిక్ష పూర్తిచేసినవాళ్ళకి ఓటు తిరిగివ్వాలన్నారు. 2019లో శాసనసభ, శిక్షతో పాటు పడిన జరిమానాలు, ఫీజులు, నష్టపరిహారం కట్టాకే శిక్ష పూర్తయినట్టు అని చట్టం చేసింది.

దానిమీద కోర్టుకెళ్ళినవాళ్ళలో ఇద్దరు నల్లజాతి స్త్రీలున్నారు. జైలు నుంచి వచ్చిన ఆడవాళ్ళకి, ముఖ్యంగా నల్లజాతి ఆడవాళ్ళకి, పని దొరకడమే కష్టం. దొరికినా జీతం తక్కువ. కాబట్టి డబ్బు షరతు 19వ సవరణకి విరుద్ధం అన్నది వాళ్ళ వాదన. 2020 మేలో జిల్లా కోర్టు కట్టలేనివాళ్ళ పక్షాన తీర్పిచ్చింది గానీ, స్త్రీలపై వివక్ష చూపాలన్న ఉద్దేశం రుజువు కాలేదని ఈ వాదనని తోసిపుచ్చింది. సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆ కాస్త ఊరటా తీసేసింది.

ఉద్దేశం రాసిపెట్టి ఎవరు వివక్ష చూపిస్తారు? జీతంలో ఉన్న వివక్ష ఓటులోకి నడిచొస్తే దాన్ని చట్టం గుర్తుపట్టలేదు.

ఇంకో సంగతి. 2015లో ఎల్లా బేకర్ సెంటర్, మరికొన్ని సంస్థలు కలిసి తెచ్చిన ‘హూ పేస్?’ నివేదిక ప్రకారం, శిక్షపడినవాళ్ళ కోర్టు ఖర్చుల భారం ప్రధానంగా మోసిన కుటుంబసభ్యుల్లో 83 శాతం స్త్రీలే. అంటే కొడుకు ఓటు తిరిగి రావాలంటే డబ్బు తేవలసింది చాలాసార్లు తల్లే. వంశవృక్షంలో చోటు దొరకని ఆమె పేరు రసీదులో దొరుకుతుంది.

ఆ ఉపోద్ఘాతాన్ని ఇప్పుడూ చెబుతాను. అది అవసరమైన పుస్తకం. కాకపోతే బోర్డు మీద అయిదుగురు మగవాళ్ళ పేర్ల పక్కన అయిదు ఖాళీ గీతలు గీసి, మా అమ్మాయి అడిగిన ప్రశ్నతోనే పాఠం మొదలుపెడుతున్నాను.