నీలం బండీ అగ్గిపెట్టే

కారుకు రెండు పొగగొట్టాలు ఎందుకు? సోమవారం పొద్దున మా అన్న బిడ్డ ఫోన్లో పంపిన ఫొటో చూసినప్పటి నుంచి ఇదే గొడవ నా బుర్రలో. నీలం రంగు బండి. వెనక జంట గొట్టాలు, చక్రాల సందుల్లోంచి తొంగిచూసే ఎర్రటి బ్రేకులు, పక్కన కింద సన్నటి ఎర్ర గీత. ఫొటో కింద ఒక్క ముక్క: “చిన్నాయనా, నాయినకు నువ్వే చెప్పాలె.”

చెప్తాను, ఎందుకు చెప్పను. లైసెన్సు చేతికొచ్చి నెల కూడా నిండలేదు, అప్పుడే ఎర్ర బ్రేకులు!

పిల్లకు నర్సాపూర్‌లో కొత్త ఉద్యోగం. రోజూ మెదక్ నుంచి కొల్చారం, కౌడిపల్లి మీదుగా పోయి రావాలి. బస్సులో నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నాయంటే మా అన్న కారు కొనిస్తానన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా, అప్పటి నుంచీ ఆయన ధరల కాగితం అంగీ జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆయన కన్ను మామూలు ఐ20 మీద. పిల్ల కన్ను అదే ఇంట్లో పుట్టిన అల్లరి తమ్ముడు, ఫొటోలోని ఆ నీలం ఎన్ లైన్ మీద. బండ్ల గురించి ఊరంతటికీ నీతులు చెప్పే నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి పంచాయితీ నా దగ్గరికి వచ్చింది.

ఈ పేజీ చదివేవాళ్లకు నా సంగతి కొత్తేం కాదు. ఎదుటివాడి కళ్లల్లో హైబీమ్ కొట్టేవాళ్ల మీద నాలుగుసార్లు, ఇండికేటర్ వేసి నేరుగా పోయేవాళ్ల మీద లెక్కలేనన్ని సార్లు రాశాను. ఇక ఎల్ బోర్డు. తెల్ల పలక మీద ఎర్ర అక్షరం ఉండాలి, పలక 18 సెంటీమీటర్లకు తగ్గకూడదు అని నిబంధన, మనవాళ్లు బొట్టుబిళ్లంత స్టిక్కర్ అంటించి అదీ పదిహేను రోజుల్లో గీకేస్తారు అని రాస్తే, ఒక పాఠకుడు “మీరు ఇంకా మెడలో వేసుకుని తిరుగుతున్నారా సార్?” అని ఉత్తరం రాశాడు. తిరుగుతున్నాననే అనుకోండి.

కాబట్టి నా తీర్పు ముందే తయారుగా ఉంది. కొత్త చేతికి మామూలు బండే మంచిది. పికప్ ఎంత తక్కువుంటే ఇంటిల్లిపాదికీ అంత నిద్ర. కాలమ్ ఈ మాట మీదే మొదలుపెట్టాను కూడా. రెండు పేరాలు రాశాక, ఈ మాట నాది కాదే, ఎక్కడో విన్నదేనని అనుమానం వచ్చింది.

విన్నది మా మేనమామ నోట. ఆయన టాక్సీ నడిపేవాడు, నల్ల అంబాసిడర్. 1987 ఎండాకాలంలో నాకు బండి నేర్పింది ఆయనే. గేరు రాడ్ కింద ఉండేది కాదు, స్టీరింగ్ పక్కన కర్రలా పొడుచుకుని ఉండేది. దాన్ని మన వైపు లాగి పైకంటే ఒకటి, కిందికంటే రెండు. బండి పూర్తిగా ఆగకముందే ఒకటో గేరు వేశామా, లోపల ఎవరో ఇనుప బొచ్చెలు తోముతున్నట్టు అరిచేది. ముందు సీటు సోఫాలాగా ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే. మామ అవతలి చివర తలుపుకు ఆనుకుని, కాళ్లు మడిచి కూర్చునేవాడు. ఆయన వైపు బ్రేకు లేదు, ఏమీ లేదు. నోరే బ్రేకు.

అసలు పాఠం పిట్లం చెరువు కట్ట ఎక్కే ఏటవాలులో. సగం ఎక్కాక ఆపమనేవాడు. దిగి వెళ్లి, వెనక టైరుకు నాలుగు వేళ్ల దూరంలో అగ్గిపెట్టె నిలబెట్టి వచ్చేవాడు. హ్యాండ్ బ్రేక్ వదలాలి, హాఫ్ క్లచ్ మీద బండిని పట్టుకోవాలి, ముందుకు లేపాలి. వెనక్కి జారిందా, పెట్టె నలిగింది. నలిగితే కొత్త పెట్టె నా డబ్బుతో. నలగకపోతే అదే పెట్టెలోంచి పుల్ల గీసి చార్మినార్ ముట్టించుకునేవాడు, అదే మెచ్చుకోలు. మొదటి వారంలో పదకొండు పెట్టెలు పోయాయి. కిరాణా కొట్టు సేటు మా అమ్మను ఆపి, “ఏమమ్మా, ఇంట్ల పొయ్యి రోజుకెన్నిసార్లు ముట్టిస్తున్రు?” అని అడిగాడు.

పన్నెండో పెట్టె నలగలేదు. ఎడమ పాదం కింద క్లచ్ సన్నగా వణకడం, బానెట్ ఒక్క వేలెడు లేవడం, ఇంజను గొంతు కాస్త కిందికి దిగడం. ఆ మూడూ ఒకేసారి తెలిసిన క్షణం ఇప్పటికీ కాలికి గుర్తుంది. మామ పుల్ల గీసిన చప్పుడు కూడా.

ఆ రోజుల్లోనే మన ఊళ్లో ఒక కాంట్రాక్టరు తెల్ల మారుతి 800 కొన్నాడు. రాందాస్ చౌరస్తాలో ఆపితే చుట్టూ జనం. ఇక్కడ ఒక పాత పాట మళ్లీ పాడతాను, భరించండి. 1983 డిసెంబరు 14న మొట్టమొదటి మారుతి తాళాలు కొనుక్కున్నాయన చేతిలో పెట్టింది ఇందిరాగాంధీ. ఆమె అప్పుడు ఏ నియోజకవర్గం ఎంపీ? మెదక్. 1980లో ఇక్కడా రాయ్‌బరేలీలోనూ గెలిచి, అక్కడిది వదిలి మనదే ఉంచుకున్నారు. అంటే ఈ దేశానికి చిన్న కారు తాళాలిచ్చింది మన ఎంపీయే. ఈ సంగతి నేను ఏటా ఒకసారైనా రాస్తానని మా ఎడిటర్‌కు తెలుసు. ఈ ఏటి కోటా అయిపోయింది. (మెదక్ పేరు మోసిన ఫ్యాక్టరీ బండే కావాలంటే మాత్రం ఎద్దుమైలారం పోవాలి, ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మెదక్‌కు. అక్కడ తయారయ్యేది సైన్యం వాడే బీఎంపీ యుద్ధవాహనం. కొత్త డ్రైవరుకు అంతకంటే భద్రమైన వాహనం లేదు, పార్కింగ్ ఒక్కటే తిప్పలు.)

సరే, ఆ తెల్ల మారుతి చూసి మామ అన్నది ఇదీ: “గది బండి గాదురా, బొమ్మ. బరువు లేదు, సప్పుడు లేదు. కొత్తోని చేతికిస్తే ఎంత జోరుల పోతున్నడో వానికే తెల్వది.” అంబాసిడర్ ఇంజను 1489 సీసీ, మారుతిది 796. కానీ బరువు అంబాసిడర్‌లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. గేరు కింద, చేతికి అందేచోట. కాలు ఆనిస్తే ఉరికేది. ఆనాటి స్పోర్టీ కారు అదే మరి! తర్వాత ఏమైందో మీకందరికీ తెలుసు. అదే మారుతి ముక్కున ఎల్ బోర్డు, పక్క సీటు ముందు మాస్టారికి ఇంకో బ్రేకు పెట్టుకుని దేశంలోని సగం మందికి డ్రైవింగ్ నేర్పింది. 2014 జనవరిలో తయారీ ఆగేదాకా కొత్తవాళ్ల బండి అంటే అదే. కొత్తవాళ్ల చేతికి ఇవ్వకూడదని మామ అన్నది దాన్నే.

ఆ రెండు పేరాలు కొట్టేసి రెండు బండ్ల కాగితాలూ ముందేసుకున్నాను. నిజం చెప్పొద్దూ, అందులో ఉన్నది నేననుకున్నదానికి తలకిందులుగా ఉంది. రెండూ పొడవుకు 3995 మిల్లీమీటర్లే, రెండూ ప్రభుత్వం దృష్టిలో చిన్న కార్లే. బుద్ధిమంతుడి, అంటే మామూలు ఐ20 ఇంజను 1197 సీసీ, నాలుగు సిలిండర్లు, 83 హార్స్‌పవర్. అల్లరివాడిది 998 సీసీ, మూడే సిలిండర్లు, కానీ టర్బో తోడుగా 120. ఇక్కడే వినోదం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుకు మన చట్టం చూసేది సీసీలే. 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ దాటని కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, అది దాటి 1500 దాకా 3,416. అంటే బుద్ధిమంతుడికి ఎక్కువ, అల్లరివాడికి తక్కువ! ఎంత గట్టిగా ఉరుకుతుందో చట్టానికి అక్కర్లేదు, కడుపెంతో చాలు.

ఇంక ఆ ఎర్ర బ్రేకులు. సింగారమనుకున్నాను. అల్లరివాడికి వెనక చక్రాలకు కూడా డిస్క్ బ్రేకులు ఉన్నాయి, బుద్ధిమంతుడికి వెనక డ్రమ్ములే. మన రోడ్డు సంగతి చూడండి. కోతలొచ్చాయంటే కౌడిపల్లి దారిలో సగం రోడ్డు మీద వడ్లు, వాటి అంచున రాళ్లు. మిగిలిన సగంలో ముందు వరికోత మిషన్, ఎదురుగా లారీ. దాటాలంటే అవతలి వరుసలో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. మామూలు ఇంజను పూర్తి లాగుడు 115 న్యూటన్ మీటర్లు, అదీ నాలుగు వేల చుట్లు దాటాక. కొత్తవాళ్లు గేరు దించడానికి భయపడి, ఇంజను ఏడుస్తుంటే అవతలి వరుసలోనే వేలాడతారు. టర్బోది 172, పదిహేను వందల చుట్లకే అందుతుంది. పికప్ తక్కువుంటే భద్రం అని ముప్ఫై ఎనిమిదేళ్లుగా చెప్తున్న నేను మంగళవారం రాత్రి అన్నకు ఫోన్ చేశాను.

“ఆ నీలందే కొను.”

అవతల కాసేపు మాట లేదు. “నీకు జరమొచ్చిందారా?” అన్నాడు. తర్వాత అసలు ప్రశ్న అడిగాడు: “ఎంతిస్తది?”

ఈ ఒక్క ప్రశ్న మన దేశంలో ఎన్ని ఉషారైన చిన్న కార్లను మింగిందో. 2017లో బాలెనో ఆర్‌ఎస్, 2018లో టియాగో జేటీపీ, రెండూ 2020 దాటి బతకలేదు. మంచి బండ్లు. లీటరుకు ఎంతిస్తుందని అడిగితే నేల చూపులు చూసే బండ్లు.

గురువారం సాయంత్రం రెండు బండ్లూ ఇంటి ముందుకొచ్చాయి. నేను దారిలో అగ్గిపెట్టె కొని జేబులో వేసుకున్నాను. పిల్ల స్టీరింగ్ ముందు, నేను పక్కన, వెనక ఎనభై ఏళ్ల మా అమ్మ. కారు టెస్టు అంటే ఆమె లేకుండా మా ఇంట్లో జరగదు. కట్ట ఎక్కే దారిలో ఆపించి, దిగి, వెనక టైరు దగ్గర పెట్టె నిలబెట్టాను. షోరూం కుర్రాడు నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు. పిల్ల బ్రేకు మీది నుంచి కాలు తీసింది. బండి కదల్లేదు. అలాగే నిలబడింది! తీరిగ్గా యాక్సిలరేటర్ తొక్కి పైకి పోయింది. “హిల్ అసిస్ట్ సార్, రెండు సెకన్లు అదే పట్టుకుంటది” అన్నాడు కుర్రాడు. మామూలు బండిలోనూ అదే ఉంది, అదీ జారలేదు. పదకొండు పెట్టెల చదువు రెండు సెకన్లలో గంగలో కలిసింది.

“పెట్టె నలగలేదు గదా చిన్నాయనా, ఇంకేం గావాలె?” అంది పిల్ల. ఏం కావాలో నాకూ చెప్పడం రాలేదు.

నీలం బండితో చౌరస్తా దాకా వెళ్లాం. అక్కడ రెండుసార్లు ఇంజను ఆగింది. తప్పు బండిది కాదు, పాదం ఇంకా పచ్చిది. టర్బో అంటేనే అంత, తక్కువ చుట్లలో కాస్త మగతగా ఉండి, నిద్ర లేచాక ఒక్కసారిగా ఉరుకుతుంది. ఆటోలు, బస్సు, కూరగాయల బండి నడుమ ఆ మగతకూ ఉరుకుకూ మధ్య సన్న గీత మీద కొత్త పాదం నిలబడదు. స్ప్రింగులు బిగువు, ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా వెనక నుంచి “రామా” అని వినిపించింది. తర్వాత మామూలు బండి ఎక్కింది. అది మెత్తగా లేచింది, మెత్తగా ఆగింది, అమ్మ దేవుణ్ణి పిలవలేదు.

దిగి తాళం కుర్రాడి చేతిలో పెట్టి, “మామూల్దే తీసుకుంట నాయినా” అంది. “అది నేనొకటి చెప్తే ఒకటి ఇంటున్నది. ఇది చెప్పినంతనే ఇంటది. ఒక్క ఏడాది దీన్తోని నేర్చుకుంట, తర్వాత సూద్దాం.”

అన్న ముఖం వెలిగిపోయింది. నేను ఊరుకోలేదు. వెనక డిస్కుల గురించి చెప్పాను, వడ్ల గురించి చెప్పాను, 2,094 రూపాయల గురించి చెప్పాను. పిల్ల అంతా విని, “నిజం చెప్పు చిన్నాయనా, నీకు నచ్చింది డిస్కులా, ఆ రెండు గొట్టాలా?” అంది.

చెప్పాల్సొస్తోంది కాబట్టి చెప్తాను. పాతికేళ్ల కింద ఫియట్ పాలియో 1.6 అని ఒక కారు వచ్చింది, సచిన్ టెండూల్కర్ బొమ్మతో. వంద హార్స్‌పవర్ అటూఇటూ. హైదరాబాద్‌లో ఆ షోరూం అద్దం ముందు నేను మూడు ఆదివారాలు నిలబడ్డాను. నాలుగో ఆదివారం ఆల్టో కొని మెదక్ తెచ్చాను. లీటరుకు ఎంతిస్తుందని మొట్టమొదట అడిగింది మా అన్న కాదు, నేనే.

బండ్లు వెనక్కి తీసుకుపోతూ షోరూం కుర్రాడు, “సార్, మీరొక్కరూ నడపలేదు” అన్నాడు. నీలందాన్ని ఏడుపాయల మలుపు దాకా తీసుకెళ్లి వచ్చాను. పది నిమిషాలన్నది నలభై నిమిషాలైంది. శనివారం పదింటికి మళ్లీ తెస్తానన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నాను. ఈ కాలమ్ ఆదివారం వస్తుంది, అప్పటికి ఎలాగూ తెలుస్తుంది. అగ్గిపెట్టె ఇంకా నా జేబులోనే ఉంది.