చెవితో దిద్దే పరీక్ష

ఒక కాగితం, నాలుగు గళ్లు. ఒక గడిలో విడి అక్షరాలు, ఒకదాంట్లో చిన్న చిన్న మాటలు, ఇంకోదాంట్లో నాలుగు వాక్యాల పేరా, మిగిలినదాంట్లో ఓ బుల్లి కథ. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో చదువు పరీక్షంతా ఇదే. ఐదేళ్ల పిల్లకైనా, పదహారేళ్ల కుర్రాడికైనా ఇదే కాగితం. రాసేదేమీ లేదు. పిల్ల పైకి చదువుతుంది, ఎదురుగా కూచున్న మనిషి వింటాడు. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేసే వస్తువు మన బడుల చుట్టుపక్కల మరొకటి నాకు కనపడలేదు. అందుకే దాని పనితనం గురించి కాస్త నిదానంగా చెప్పాలనిపించింది.

పరీక్ష ఎక్కడ మొదలవుతుందో చూడండి. అక్షరాలతో కాదు, కథతోనూ కాదు. పేరాతో. అది ఒకటో తరగతి స్థాయిది. అక్షరాలతో మొదలుపెడితే ఐదో తరగతి పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు. కథతో మొదలుపెడితే రెండో తరగతి పిల్ల గొంతు పెగలదు. నడిమెట్టు మీద నిలబెడితే ఎటైనా కదలొచ్చు. పేరా సాఫీగా చదివితే రెండో తరగతి స్థాయి కథ చేతికొస్తుంది. తడబడితే ఒక మెట్టు దిగి మాటల దగ్గరికి. అక్కడ తనకు నచ్చిన ఐదు మాటలు చదవమంటారు. నాలుగు సరిగ్గా చదివితే చాలు, మళ్లీ పేరా దగ్గరికి తీసుకెళ్లి ఇంకోసారి ప్రయత్నించమంటారు. ఈ రెండో అవకాశం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. కొత్త మనిషిని చూసి బెదిరిన గొంతు నాలుగు మాటలు పలికేసరికి సర్దుకుంటుందని, పరీక్ష తయారుచేసినవాళ్లకు తెలుసు. మాటలూ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింట నాలుగు.

సాఫీగా చదవడమంటే గబగబా చదవడం కాదు. నిదానంగా చదివినా పరవాలేదు, మూడు తప్పుల దాకా ఓర్చుకుంటారు. మాటమాటకూ తెగకుండా వాక్యం వాక్యంలా వినిపించాలి. కూడబలుక్కుని చదవడానికీ చదవడానికీ మధ్య ఉన్న తేడా మన ఇళ్లలో బామ్మలకు కూడా తెలిసిందే. అది వింటేనే తెలుస్తుంది, బిట్టు పేపర్లో టిక్కు పెడితే తెలియదు. సర్వే చేసేవారికి ముందుగా ఇచ్చే శిక్షణలో ఈ చెవిని తయారుచేయడమూ ఒక భాగం.

తెలుగులో ఈ నాలుగు గళ్లు నింపడం ఆషామాషీ కాదు. మ, య పక్కపక్కన పెడితే కళ్లు తికమకపడతాయి. ప, ష, వ సంగతీ అంతే. చిన్న మాటలంటే మేక, గోడ, పులి లాంటివి: గుణింతం ఉండాలి, ఒత్తు అడ్డం రాకూడదు. కథలోకి వచ్చేసరికి ఒత్తులు తప్పవు, ‘అమ్మ’, ‘అన్నం’ లేకుండా తెలుగు కథ నడవదు. కానీ కష్టమైన ఒత్తు ఒక్కటి ఎక్కువైతే పిల్ల ఆగిపోయేది చదవడం రాక కాదు, ఆ ఒక్క ముడి విప్పలేక. ఆ కొలత తప్పకుండా అరవై మాటల కథ రాయడం పెద్ద కవులకూ సులువు కాదనుకుంటాను.

ఇక ఇళ్ల ఎంపిక. ముందు ఊళ్లో తిరిగి, ఊరివాళ్లతో మాట్లాడి పటం గీస్తారు. ఊరిని నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగంలో ఐదేసి ఇళ్లు తీసుకుంటారు. ఎడమచేతి వైపుగా నడుస్తూ ప్రతి ఐదో ఇంటి తలుపు తట్టాలి. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు. ఒకే ఇంట్లో అక్కాతమ్ముళ్లుంటే ఒకరిది విని ఇంకొకరు అప్పగించకుండా అదే స్థాయిలో వేర్వేరు పాఠాలున్న కాగితాలు ఉంటాయి. పిల్లలు ఇంటిపట్టున దొరికే ఆదివారం ఈ పని జరుగుతుంది.

ఈ నడక వినుకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఎలా ఉంటుందో ఊహించుకుంటే దాని విలువ ఇంకా తెలుస్తుంది. పత్తితీతలప్పుడు తల్లి చేనుకు పోతే తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయే పిల్లలున్న నేల ఇది. కేంద్రం జరిపిన జాతీయ సాధన సర్వే 2021 నవంబరు 12న బడుల్లో జరిగింది. ఆ రోజు బడికి రాని పిల్ల ఆ లెక్కలోకి రాదు. ఐదో ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాడికి ఆ పిల్ల దొరుకుతుంది. పటం గీసి నాలుగు భాగాలు చేయడం వల్ల ఊరి చివర వాడ కూడా లెక్కలోకి వస్తుంది. అంటరానితనాన్ని అనుభవించిన కవి గుర్రం జాషువ 1895లో పుట్టిన ఊరు వినుకొండ. ఆయనా కొంతకాలం బడిపంతులుగా పనిచేశారు. ఊళ్లో ఏ వీధి దాకా మనుషులు నడుస్తారో, ఎక్కడ ఆగిపోతారో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? సీతను ఎత్తుకుపోయిన కబురు రాముడు విన్నది ఇక్కడి కొండ మీదేనని, అందుకే విన్న కొండ వినుకొండ అయిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. వినడమే పనిగా పెట్టుకున్న పరీక్షకు ఇంతకంటే తగిన ఊరు ఏముంటుంది!

దీనికీ హద్దులున్నాయి. జిల్లాకు 600 ఇళ్ల లెక్కలోంచి ఫలానా బడి మార్కు తీయలేం. చదివినదాని అర్థం ఎంత తెలిసిందో ఈ నాలుగు గళ్లు చెప్పవు. ఇదే సర్వేలో పెట్టే లెక్కల పరీక్షా అరువు తెచ్చుకునే తీసివేత, శేషం మిగిలే భాగహారం దాకానే. ఇది పునాది కొలిచే కర్ర, మేడ ఎత్తు కొలిచేది కాదు. ఆ పునాదైనా ఎలా ఉందంటే: దేశంలోని గ్రామీణ సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవారు 2022లో నూటికి 16.3, 2024లో 23.4.

అర్థం కొలిచే పనితనం చూడాలంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి 500 పల్లె బడుల్లో నడిపిన అధ్యయనంలో, పిల్లల మార్కులు పెరిగిన కొద్దీ కొన్ని బడుల టీచర్లకు బోనస్ ఇచ్చారు. డబ్బు కోసం టీచర్లు బట్టీ పట్టిస్తారేమోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అందుకని ప్రశ్నలు రెండు రకాలుగా చేశారు. 34ను 5తో గుణించమనడం ఒక రకం. అది ఎక్కం వస్తే తెగిపోతుంది. ఎనిమిదిని వరుసగా ఆరుసార్లు కూడి, దానికి సమానంగా ‘8 × ’ అని రాసి పక్కన ఖాళీ డబ్బా వదలడం ఇంకో రకం. ఎక్కాలన్నీ అప్పగించే పిల్లవాడు కూడా గుణకారమంటే ఏమిటో తెలియకపోతే ఆ డబ్బా దగ్గర ఆగిపోతాడు. రెండేళ్ల తర్వాత చూస్తే బోనస్ బడుల పిల్లలు రెండు రకాల ప్రశ్నల్లోనూ ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లోనూ ముందున్నారు.

ఆ ఖాళీ డబ్బా, పేరా దగ్గర ఇచ్చే ఆ రెండో అవకాశం, రెండూ ఒకే చేతి పనిలా కనిపిస్తాయి నాకు. ఒకటి వచ్చినట్టు కనిపించేదాన్ని పట్టుకుంటుంది. రెండోది వచ్చి కూడా బెరుకు వల్ల బయటికి రానిదాన్ని పట్టుకుంటుంది.