యోబు గ్రంథం – ‘కరమజోవ్ సోదరులు’: నిర్దోషుల వేదన, పరిహారం, విశ్వాసం

వ్యాససంగ్రహం:
దేవుడు న్యాయవంతుడు, సర్వశక్తిమంతుడు అయినప్పుడు ఏ పాపమూ ఎరుగని పసివాళ్లు ఎందుకు బాధపడాలన్నది క్రైస్తవ విశ్వాసం ఎదుర్కొన్న ప్రశ్నల్లో అతికఠినమైనది. ఈ ప్రశ్నను సాహిత్యంలో అత్యంత తీవ్రంగా లేవనెత్తిన రచనల్లో పాతనిబంధనలోని యోబు గ్రంథం, రష్యన్ రచయిత ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ (1821–1881) నవల ‘కరమజోవ్ సోదరులు’ ముఖ్యమైనవి. పోయిన బిడ్డకు మరో బిడ్డ పరిహారం కాగలడా అన్న ఒక్క అంశాన్ని ఆధారం చేసుకొని ఈ రెండు రచనలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇవాన్ వాదానికి నవల ఇచ్చే సమాధానం జోసిమా బోధలో కంటే, కొడుకును పోగొట్టుకుంటున్న స్నెగిర్యోవ్ నిరాకరణలో ఎక్కువగా ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యోబు గ్రంథం, దోస్తోయెవ్‌స్కీ, కరమజోవ్ సోదరులు, నిర్దోషుల వేదన, పరిహారం, పునరుత్థానం, తులనాత్మక విమర్శ.

1. ప్రవేశిక:
‘కరమజోవ్ సోదరులు’ 1879 జనవరి నుంచి 1880 నవంబరు వరకు ‘రష్యన్ మెసెంజర్’ పత్రికలో ధారావాహికగా వెలువడింది. అందులో ఇవాన్ కరమజోవ్ పసిపిల్లల బాధను సాక్ష్యంగా చూపి దేవుడి సృష్టిని ప్రశ్నించే ఘట్టం అయిదవ భాగంలో ఉంది. ఆ వాదాన్ని తర్కంతో ఖండించడం సాధ్యం కాదని రచయితే పత్రిక సంపాదకుడికి రాసిన లేఖలో ఒప్పుకున్నాడు. వృద్ధ సన్యాసి జోసిమా జీవితాన్నీ బోధలనూ చిత్రించే ఆరవ భాగాన్ని దానికి సమాధానంగా ఉద్దేశించానని, అయితే అది ఒక్కొక్క వాదానికీ విడివిడిగా ఇచ్చే జవాబుగా కాక కళాత్మక చిత్రంగా ఉంటుందని 1879 ఆగస్టులో పొబెదొనోస్త్సెవ్‌కు రాసిన లేఖలో వివరించాడు.

ఈ లేఖల ప్రభావం వల్ల విమర్శకులు చాలామంది సమాధానాన్ని ఆరవ భాగంలోనే వెదికారు. అక్కడ దొరికే బోధ ఉదాత్తమైనదే గాని, ఇవాన్ చూపిన పసిపిల్లల ముందు అది దూరంగా నిలబడినట్టు అనిపిస్తుందన్న అసంతృప్తి కూడా విమర్శలో మొదటినుంచీ ఉంది. నవలలో ఒక పసివాడు నిజంగా మరణించే కథ మరొకటి ఉంది. అది పదవ భాగంలోనూ ఉపసంహారంలోనూ నడిచే ఇల్యూషా కథ. ఆ కథను యోబు గ్రంథం పక్కన పెట్టి చదివినప్పుడు సమాధానం స్వరూపమే మారుతుంది.

2. యోబు గ్రంథం – లెక్కకు అందని పదిమంది:
యోబు గ్రంథంలో 42 అధ్యాయాలు ఉన్నాయి. మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయంలోని ఎక్కువ భాగం వచన కథనం. మధ్యనున్నదంతా ప్రధానంగా పద్యరూపంలో సాగే సంవాదం. ఊజు దేశంలో యథార్థవర్తనుడైన యోబుకు ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. 7000 గొర్రెలు, 3000 ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 ఆడగాడిదలు అతని సంపద. అతని భక్తి నిస్వార్థమైనదా అన్న సాతాను సవాలు వల్ల ఇవన్నీ ఒకే రోజున పోతాయి. పెద్దకొడుకు ఇంట విందులో ఉన్న పదిమంది పిల్లలూ సుడిగాలికి ఇల్లు కూలి చనిపోతారు.

మధ్యభాగమంతా వివరణల పోరాటం. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు మిత్రులు బాధకు పాపమే కారణమన్న సూత్రాన్ని నానావిధాలుగా వినిపిస్తారు. ఎనిమిదవ అధ్యాయంలో బిల్దదు మరింత ముందుకు వెళ్లి, యోబు పిల్లల చావుకు వారి పాపమే కారణమై ఉంటుందని ఆ తండ్రి ముఖం మీదే సూచిస్తాడు. దుఃఖంలో ఉన్నవాడికి సిద్ధాంతం చెప్పడం ఎంత క్రూరం కాగలదో ఈ ఒక్క మాట చాలు. చివరకు దేవుడు కోపించేది ప్రశ్నించిన యోబు మీద కాదు, దేవుడి పక్షాన వాదించిన మిత్రుల మీద. యోబులాగా వారు తనను గూర్చి యుక్తమైనది పలకలేదని దేవుడే తీర్పు చెప్పడం (42:7) ఈ గ్రంథంలోని అత్యంత సాహసోపేతమైన అంశం.

ముగింపులో యోబు సంపద సరిగ్గా రెట్టింపవుతుంది: 14000 గొర్రెలు, 6000 ఒంటెలు, 1000 జతల ఎడ్లు, 1000 ఆడగాడిదలు. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లే. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని కొత్త కూతుళ్ల పేర్లు చెప్పిన కథకుడు, పోయిన పదిమందిలో ఏ ఒక్కరి పేరూ చెప్పలేదు. ‘నష్టం భర్తీ అయింది’ అని చదివితే ఇక్కడ పాఠకుడికి ఊపిరాడదు. గొర్రెకు గొర్రె బదులు కావచ్చు గాని బిడ్డకు బిడ్డ బదులు కాగలడా? పిల్లల సంఖ్య రెట్టింపు కాకపోవడానికి వ్యాఖ్యాతలు కొందరు ఒక కారణం చెప్పారు. మొదటి పదిమంది దేవుడి దగ్గర ఉన్నారు గనుక వారినీ కలుపుకుంటే లెక్క రెట్టింపే అవుతుందని వారి భావం. ఇది పైకి అంకగణితంలా కనిపించినా దాని అంతరార్థం గంభీరమైనది. పోయినవారి స్థానం ఖాళీ కాలేదు కనుక దాన్ని మరొకరితో నింపే పని లేదన్నది ఆ వ్యాఖ్యానం సారం.

3. తెలుగు సంప్రదాయంలోని పరీక్షాకథలతో పోలిక:
ఈ ముగింపులోని కాఠిన్యం తెలుగు పాఠకులకు తమ కథలతో పోల్చినప్పుడు మరింత స్పష్టమవుతుంది. గౌరన ‘హరిశ్చంద్రోపాఖ్యానం’ మొదలు బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటకం వరకు ప్రచారం పొందిన హరిశ్చంద్ర కథలోనూ పై లోకంలో జరిగిన పంతమే నిర్దోషి కష్టాలకు మూలం. యోబు కథలో సాతాను స్థానంలో ఇక్కడ విశ్వామిత్రుడు ఉన్నాడు. అయితే కథాంతంలో లోహితాస్యుడు ప్రాణాలతో లేస్తాడు. శ్రీనాథుడి ‘హరవిలాసం’లోని చిరుతొండనంబి కథలోనూ శివుడి పరీక్షకు బలైన సిరియాళుడు మళ్లీ తల్లిదండ్రులను చేరతాడు.

ఈ రెండు కథల్లోనూ తిరిగి వచ్చేది ఆ బిడ్డే, మరో బిడ్డ కాదు. పరీక్ష న్యాయమైనదేనా అన్న ప్రశ్న మిగిలినా తల్లి ఒడి ఖాళీగా మిగలదు. యోబు గ్రంథానికి ఈ ఊరట లేదు. పోయినవారు ఈ లోకంలో తిరిగి రారన్న వాస్తవాన్ని అది మార్చలేదు. ఈ కారణం చేతనే అది దోస్తోయెవ్‌స్కీ వంటి తండ్రికి జీవితాంతం వెంటాడే గ్రంథమైంది.

4. ఇవాన్ అభ్యంతరం:
ఇవాన్ వాదంలోని బలం దాని పరిమితిలో ఉంది. పెద్దల బాధను అతను ఉద్దేశపూర్వకంగా పక్కన పెడతాడు. కన్నవాళ్లే చలిరాత్రి మరుగుదొడ్డిలో బంధిస్తే చిన్నపిడికిలితో గుండె కొట్టుకుంటూ దేవుణ్ని వేడుకున్న అయిదేళ్ల పాప, యజమాని కుక్క కాలికి రాయి తగిలించినందుకు తల్లి కళ్లముందే వేటకుక్కల పాలైన ఎనిమిదేళ్ల దాసబాలుడు అతని సాక్షులు. ఇవాన్ చెప్పిన ఉదాహరణలు వాస్తవ ఘటనల నుంచి తీసుకున్నవని దోస్తోయెవ్‌స్కీ తన లేఖలో స్పష్టం చేశాడు.

ఇవాన్ దేవుడు లేడని వాదించడు. చివరి దినాన సమస్తం సామరస్యంతో ముగుస్తుందని, చనిపోయినవాడు లేచి తన హంతకుణ్ని కౌగిలించుకుంటాడని కూడా ఒప్పుకుంటాడు. అయితే ఆ సామరస్యానికి పసిబిడ్డ కన్నీరు మూల్యమైతే అది తనకు అక్కర్లేదని, ప్రవేశపత్రాన్ని వినయంగా తిరిగి ఇచ్చేస్తున్నానని అంటాడు. తల్లి తన గుండెకోతను క్షమించవచ్చు గాని బిడ్డ పడిన హింసను క్షమించే హక్కు ఆమెకు లేదంటాడు. ఈ వాదం ప్రధానంగా ఖండించేది ‘మూల్యం’ అన్న భావనను. బాధను భవిష్యత్తులోని మేలుకు చెల్లించే ధరగా చూపే ప్రతి మతవాదమూ ఇక్కడ కూలిపోతుంది. అన్నిటినీ క్షమించగలిగినవాడు ఒకడున్నాడని, అతను నిర్దోషిగా తన రక్తాన్నే ధారపోశాడని అల్యోషా గుర్తుచేస్తాడు. అది విశ్వాసి చెప్పగలిగిన మాటే గాని ఆ పాప ఎందుకు ఏడవాలో మాత్రం చెప్పదు.

5. జోసిమా – ఓదార్పులోని రెండు మెట్లు:
రెండవ భాగంలో మూడేళ్లు నిండని కొడుకును పోగొట్టుకున్న ఒక పల్లెటూరి తల్లి జోసిమాను ఆశ్రయిస్తుంది. బిడ్డ దేవదూతల సరసన ఉన్నాడన్న సంప్రదాయ సమాధానాన్ని జోసిమా మొదట చెబుతాడు. తన భర్త కూడా అదే చెప్పాడని, అయినా బిడ్డ తన దగ్గర లేడు కదా అని ఆమె వాపోతుంది. అప్పుడు జోసిమా స్వరం మారుతుంది. పిల్లల కోసం ఏడుస్తూ ఓదార్పు పొందనొల్లని రాహేలును (యిర్మీయా 31:15, మత్తయి 2:18) గుర్తుచేసి, ఊరట పొందవద్దని, ఏడవమనే చెబుతాడు. ఆ ఏడుపు కాలక్రమంలో నిశ్శబ్దమైన ఆనందంగా మారుతుందన్న ఆశను మాత్రం జోడిస్తాడు.

ఈ ఘట్టం వెనుక రచయిత సొంత దుఃఖం ఉంది. దోస్తోయెవ్‌స్కీ కొడుకు అల్యోషా మూడేళ్లు నిండకముందే 1878 మే నెలలో మూర్ఛవ్యాధితో చనిపోయాడు. తరువాతి నెలలో వ్లదీమిర్ సొలొవ్యోవ్‌తో కలిసి ఆయన ఆప్తినా మఠాన్ని దర్శించి అంబ్రోసీ అనే వృద్ధ సన్యాసిని కలిశాడు. అక్కడ విన్న ఓదార్పు మాటలే ఈ ఘట్టంలోకి వచ్చాయని ఆయన భార్య అన్నా తన జ్ఞాపకాల్లో రాసింది.

ఆరవ భాగంలో జోసిమా ఎనిమిదేళ్ల వయసులో చర్చిలో యోబు కథ విన్న అనుభవాన్ని చెబుతాడు. పాత పిల్లలు లేనప్పుడు యోబు కొత్త పిల్లలను ఎలా ప్రేమించగలిగాడన్న ప్రశ్నను దాచకుండా అడుగుతాడు. పాత దుఃఖం క్రమంగా ప్రశాంతమైన ఆనందంగా మారడం మానవ జీవితంలోని మర్మమని సమాధానపడతాడు. ఈ సమాధానం దీర్ఘకాలం జీవించి వెనక్కి చూసే వృద్ధుడిది. బిడ్డ మంచం పక్కన కూర్చున్న తండ్రికి అది ఇంకా అందలేదు.

6. ఇల్యూషా – వివరణ చేసే గాయం:
పేదవాడైన మాజీ సైనికాధికారి స్నెగిర్యోవ్ కొడుకు ఇల్యూషా. స్మెర్ద్యకోవ్ మాటలు విని రొట్టెముక్కలో గుండుసూది దాచి జూచ్కా అనే వీధికుక్కకు విసురుతాడు. అది అరుస్తూ పారిపోతుంది. తరువాత క్షయరోగంతో మంచం పట్టిన ఇల్యూషా, జూచ్కాను చంపినందుకే దేవుడు తనను శిక్షిస్తున్నాడని తండ్రితో పదేపదే అంటాడు.

ఇక్కడ బిల్దదు తర్కం ఒక పసివాడి నోటినుంచి వినిపిస్తుంది. యోబును మిత్రులు బయటినుంచి నిందించారు. ఇల్యూషా తనకు తానే ఆ మిత్రుడయ్యాడు. కోల్యా ఆ కుక్కను ప్రాణాలతో తెచ్చి చూపినా ఇల్యూషా రోగం తగ్గదు. పాపం తొలగినా శిక్ష తొలగలేదు గనుక ఆ రెంటికీ సంబంధం లేదని కథాగమనమే నిరూపిస్తుంది. బాధకు కారణం చెప్పే సిద్ధాంతం బాధితుడికి రెండో బాధ అవుతుందని యోబు గ్రంథం సంవాదంలో చెప్పినదాన్ని నవల ఒక పిల్లవాడి అపరాధభావంలో చూపింది.

7. స్నెగిర్యోవ్ నిరాకరణ:
మాస్కో నుంచి వచ్చిన వైద్యుడు ఆశ లేదని తేల్చిన తరువాత ఇల్యూషా తండ్రిని ఓదారుస్తాడు. తాను చనిపోయాక మరో మంచి పిల్లవాణ్ని తెచ్చుకొని, ఇల్యూషా అనే పేరు పెట్టుకొని, తన బదులు ప్రేమించమంటాడు. ఇది యోబు గ్రంథం చివరి అధ్యాయాన్ని మరణిస్తున్న బిడ్డే తండ్రికి కానుకగా ఇవ్వడం. స్నెగిర్యోవ్ బయటకు వచ్చి, తనకు మంచి పిల్లవాడు వద్దని, వేరే పిల్లవాడే వద్దని పళ్లు బిగించి అంటాడు. యెరూషలేమును మరిస్తే తనకు శాపం తగలాలనే 137వ కీర్తనలోని మాట ఎత్తుకొని, పూర్తిచేయలేక కుప్పకూలుతాడు. ఆ మాటకు అర్థమేమిటని కోల్యా అడిగినప్పుడు అల్యోషా ఇచ్చే వివరణ ఈ అధ్యయనానికి కీలకం. అన్నిటికంటే విలువైనదాన్ని మరచినా, దాన్ని మరిదేనికైనా మార్చుకున్నా తాను శిక్షార్హుణ్నని దాని తాత్పర్యమంటాడు.

బబులోను చెరలో ఉన్నవారు కోల్పోయిన నగరం కోసం పాడిన గీతాన్ని ఒక పేదతండ్రి తన కొడుక్కు అన్వయించాడు. అతని నిరాకరణ ఇవాన్ తిరుగుబాటుకు చాలా దగ్గర. ఇద్దరూ పరిహారాన్ని తోసిపుచ్చారు. అయితే ఇవాన్ తనకు పరిచయం లేని పిల్లల గురించి మాట్లాడి ప్రవేశపత్రాన్ని తిరిగి ఇచ్చాడు. స్నెగిర్యోవ్ తన బిడ్డ గురించి మాట్లాడుతూ లేఖన వాక్యాన్నే పట్టుకున్నాడు. అతని నిరసనకు భాషను ఇచ్చింది విశ్వాసమే.

ఈ మాటకు మూలం కూడా రచయిత జీవితంలో కనిపిస్తుంది. 1868లో జెనీవాలో ఆయన మొదటి కూతురు సోన్యా మూడు నెలలు నిండకుండానే చనిపోయింది. మరి పిల్లలు పుడతారని అందరూ ఓదారుస్తున్నారని, కాని ఆ సోన్యా ఎక్కడ ఉందని, ఆమె బతికేటట్లయితే తాను సిలువ శిక్షకైనా సిద్ధమేనని మిత్రుడు మైకోవ్‌కు రాసిన లేఖలో ఆయన వాపోయాడు. ఆ తరువాత ఆయనకు మరో ముగ్గురు పిల్లలు పుట్టారు. పదేళ్లు దాటాక రాసిన నవలలో కూడా ఆ ప్రశ్నను ఆయన పూడ్చిపెట్టలేదు.

8. సమాధి, జ్ఞాపకం, పునరుత్థానం:
ఉపసంహారంలో ఇల్యూషాను చర్చి ఆవరణలో పూడుస్తారు. పిచ్చుకలు వాలితే తనకు తోడుగా ఉంటుందని బిడ్డ కోరినందున తండ్రి సమాధి మీద రొట్టె తుంచి చల్లుతాడు. ఇంటికి వచ్చాక మూల ఉన్న చిన్న బూట్లను చూసి వాటిని ముద్దాడుతూ విలపిస్తాడు. ఇక్కడ ఎవరూ అతనికి కారణాలు చెప్పరు. అతన్ని కాసేపు ఏడవనివ్వాలని అల్యోషా, కోల్యా బయటికి వచ్చేస్తారు. యోబు మిత్రులు నోరు విప్పకముందు ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చోవడం (2:13) ఇక్కడ గుర్తుకు వస్తుంది. వారు చేసిన మంచి అదొక్కటే.

తరువాత రాతి దగ్గర అల్యోషా పిల్లలతో ఇల్యూషాను ఎన్నటికీ మరవవద్దంటాడు. చనిపోయినవారందరం లేచి ఒకరినొకరు చూసుకుంటామా, ఇల్యూషానూ చూస్తామా అని కోల్యా అడిగితే, తప్పక చూస్తామంటాడు. ఈ ఆశలో వివరణ లేదు. ఇల్యూషా చావు వల్ల ఏదో మేలు కలిగిందని అల్యోషా అనడు. తిరిగి కనిపించేది ఇల్యూషాయే తప్ప మరొకడు కాడు. పునరుత్థాన విశ్వాసాన్ని బాధకు చెల్లింపుగా వాడితే ఇవాన్ అభ్యంతరం దానికి తగులుతుంది. ఏ బిడ్డకూ మరో బిడ్డ బదులు కాడన్న నిశ్చయంగా గ్రహిస్తే, అది స్నెగిర్యోవ్ నిరాకరణకు కొనసాగింపు అవుతుంది.

ఇంతమాత్రాన ఇవాన్ ఓడిపోలేదు. ఆ పాప పిడికిలితో గుండె కొట్టుకున్న రాత్రి జరిగిపోయింది. పునరుత్థానం దాన్ని జరగనిదిగా చేయలేదు. నవల ఆ సంగతిని దాచదు. విశ్వాసికి మిగిలిన మార్గం ఎంత ఇరుకైనదో మాత్రం చూపుతుంది.

9. ముగింపు:
మరణం సంభవించిన క్రైస్తవ గృహాల్లో యోబు పలికిన తొలిమాట, ఇచ్చినవాడే తీసుకున్నాడన్న మాట, తెలుగునాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాటను యోబు తన నష్టం గురించి తానే అన్నాడు. అదే మాటను పక్కవారు అతనికి చెప్పి ఉంటే అది బిల్దదు ఉపదేశం అయ్యేది. దుఃఖితుడు స్వయంగా చేరుకోవలసిన చోటికి అతన్ని ఇతరులు నెట్టకూడదన్న వివేకం ఈ రెండు రచనల నుంచి గ్రహించదగినది.

ఈ అధ్యయనంలో తేలిన అంశాలు:
1. యోబు గ్రంథం ముగింపులో సంపద రెట్టింపై పిల్లల సంఖ్య రెట్టింపు కాకపోవడం, బిడ్డల విషయంలో పరిహార భావన చెల్లదనడానికి అవకాశమిస్తుంది.
2. రెండు రచనల్లోనూ బాధకు పాపాన్ని కారణంగా చూపే వివరణ బాధితుణ్ని మరింత గాయపరుస్తుంది.
3. ఇవాన్ వాదం ప్రధానంగా ఖండించేది బాధను మూల్యంగా చూసే దృష్టిని. నవలలోని విశ్వాసం ఆ ఖండనను అంగీకరించిన తరువాతే నిలబడుతుంది.
4. జోసిమా బోధకు స్నెగిర్యోవ్ నిరాకరణ పూరకం. ఓదార్పును తిరస్కరించే దుఃఖానికి కూడా లేఖనంలో చోటుందని అది చూపుతుంది.