పలుకని పేరు, పలికే చేయి

మన మారిషస్ తెలుగువారి ఉత్సవములలో కూచిపూడి నాట్యము లేని సభ ఇప్పుడు అరుదు. పిల్లలు శ్రమపడి నేర్చుకొంటున్నారు. తల్లిదండ్రులు గజ్జెలకు, నగలకు, పట్టుబట్టలకు వెనుదీయడము లేదు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే ఆ సంతోషముతోపాటు ఒక సందేహము కూడా మమ్ము విడువకున్నది. వేదికపై ఆ చేతులు చెప్పేది ఏమిటో ఆడే పిల్లకు గాని, చూచే మనకు గాని తెలుస్తున్నదా?

ఉదాహరణకు భామాకలాపమును తీసుకొందాము. సిద్ధేంద్రయోగి రచనగా కూచిపూడి భాగవతులు తరతరాలుగా ఆడుతూ వచ్చిన కలాపమిది. కృష్ణునికి దూరమైన సత్యభామ, ఆయనను తీసుకొని రమ్మని చెలికత్తె మాధవిని బతిమాలుకొంటుంది. “నీ మగని పేరేమిటి?” అని మాధవి అడుగుతుంది. సత్యభామ పేరు చెప్పదు. సిగ్గుపడుతుంది, తల వంచుతుంది, గుర్తులతో సరిపెట్టాలని చూస్తుంది. మాధవి మాత్రము తెలిసీ తెలియనట్లు మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటుంది. అందము, గర్వము రెండూ ఉన్న సత్యభామ ఆ ఒక్క మాట దగ్గర ఓడిపోవడమే అక్కడి రసము. ఆడవేషములో ఈ పాత్రను ధరించి వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) ఆంధ్రదేశమంతటా ఎందుకంత పేరు పొందారో తెలియాలంటే ఇటువంటి ఘట్టమునే చూడాలి.

మన వేదికలపై మేము చూచిన ప్రదర్శనలలో ఈ ఘట్టమునకు చోటు దొరకడమే కష్టము. ఎక్కువగా భామ ప్రవేశదరువు ఒక్కటే ఏకపాత్రగా ఆడి ముగిస్తున్నారు. ఎప్పుడైనా ఈ ఘట్టము వచ్చినా, పాప చక్కగా నవ్వి వేణువు పట్టినట్లు రెండు చేతులు ఎత్తుతుంది. హస్తములో లోపము లేదు. కాని అక్కడ ఆ హస్తము కృష్ణుని బొమ్మ కాదు. నోట పలుకరాని పేరుకు బదులుగా వచ్చినది. సత్యభామ చేయి ఎత్తడమునకు కారణము ఆమె ఆపుకొన్న మాటలో ఉన్నది. ఆ మాట సంగతి తెలియనప్పుడు మిగిలేది కేవలము వేణువు.

ఈ సంగతి మన అవ్వలకు ఏ శాస్త్రమూ చదవకుండానే తెలుసు. చెరకు తోటల కేంపులలో బ్రతికిన ఆ తల్లులు భర్త పేరు నోట పలికేవారు కారు. ఎవరైనా అడిగితే పక్కనున్న పిల్లవానివైపు చూపి “వీళ్ళ నాన్న” అనేవారు; లేదా కంటితోనో, గడ్డముతోనో ఆయన ఉన్న వైపు చూపేవారు. అటువంటి స్త్రీ భామాకలాపము చూస్తే ఎవరూ వివరించనక్కరలేదు. ఈనాడు ఆమె మునిమనుమరాలికి హస్తముల పేర్లన్నీ కంఠస్థము. ఆ సిగ్గు ఎందుకో మాత్రము తెలియదు.

నాట్యము విశ్వభాష, దానికి మాటలతో పని లేదని కొందరు మిత్రులు వాదిస్తారు. ఏడుపు, కోపము, భయము విషయములో ఇది కొంతవరకు నిజమే. ముఖము చూచి ఎవరైనా గ్రహిస్తారు. హస్తముల విషయము వేరు. నందికేశ్వరుని అభినయదర్పణము ఒంటిచేతి హస్తములు 28, జంటచేతుల హస్తములు 23 చెప్పింది. అందులో మొదటిదైన పతాకము ఒక్కటే మేఘమునకు, అడవికి, రాత్రికి, నదికి, గాలికి, వెన్నెలకు కూడా వస్తుంది. చేయి అదే, అర్థములు అనేకము. ఇది నదియో రాత్రియో తేల్చేది పాటలోని మాట. ఆ గ్రంథమును ఆనందకుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోనికి తెచ్చి 1917లో లోకమునకు అందించినవారు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. తరువాత చీరాల–పేరాల ఉద్యమము నడిపిన ఆంధ్రరత్నమే. హస్తముల అర్థములు లోకమునకు చెప్పిన జాతికి ఈనాడు తన పిల్లల చేతులే అర్థము కాకపోతే ఎట్లా?

శాస్త్రము వరకు పోనక్కరలేదు, మన పలుకుబడినే చూడండి. ముక్కున వేలు వేసుకోవడము, పెదవి విరవడము, నెత్తిన చేయి పెట్టుకోవడము, మెటికలు విరిచి దిష్టి తీయడము: ఇవన్నీ చేతలూ, మాటలూ కూడాను. ఆ మాట తెలియని పిల్లకు నాయిక ముక్కున వేలు వేసుకొంటే ముక్కు దురద పెట్టినదేమో అనిపిస్తుంది! ఇండ్లలో క్రియోలే మాట్లాడుకొంటున్న మనకు ఈ ప్రమాదము ఊహ కాదు, కళ్ళ ఎదుట ఉన్నది.

తప్పు పిల్లలది కాదు, గురువులది మాత్రమే కూడా కాదు. 20వ శతాబ్దిలో ఏకపాత్ర ప్రదర్శనలు పెరిగినకొద్దీ కూచిపూడిలో నటులు స్వయముగా పలికే సంభాషణలు తగ్గినవి. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అభినయము నాలుగు విధములు కాగా, మనము వేషమును, చేతులను ఉంచుకొని వాచికమును ఓడరేవులోనే వదలిపెట్టినట్లయినది. మన రామభజనలో ఈ లోపము లేదు. దీపము చుట్టూ తిరిగేవారే పాడతారు. చప్పట్లు కొట్టే చేయి, నామము పలికే నోరు ఒక్కరివే.

మా సూచనలు మూడు. ప్రదర్శనకు ముందు పాట అర్థమును తెలుగులో చెప్పి, తరువాత అందరికీ తెలిసేలా క్రియోలులో చెప్పాలి. ప్రవేశదరువుతో ఆపక, మాధవి–సత్యభామల సంభాషణను ఇద్దరు పిల్లల చేత పలికించి ఆడించాలి. ఉచ్చారణలో తడబడినా ఫరవాలేదు. నాట్యము నేర్పే చోటికి ఏడాదికి ఒకసారి అయినా ఊరి పెద్దమ్మలను పిలిచి, వారి కాలములో కోడలు మామగారి ఎదుట ఎలా నిలిచేది, పేరు పలుకకుండా ఎలా చెప్పేది చూపించమని అడగాలి. భర్త పేరు పలుకరాదనే కట్టుబాటు మళ్ళీ రావాలని మేము కోరడము లేదు. అది పోతే పోనీ. దాని నుండి పుట్టిన అభినయము పిల్లలకు అర్థము కావాలంటే మాత్రము ఆ కట్టుబాటు కథ వారికి చెప్పవలసినదే.

చెప్పగల పెద్దమ్మలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వారి వయస్సు తలచుకొంటే, ఈ పని వచ్చే ఉగాదికి వాయిదా వేయదగినది కాదని మా మనవి.