‘చూడుము’ కార్డు

లైబ్రేరియన్‌గా చేరిన కొత్తలో, డిగ్రీ చదివే ఓ అమ్మాయి కార్డుల సొరుగు ముందు చాలాసేపు నిలబడి, చివరికి నా దగ్గరికి వచ్చింది. "శ్రీరంగం శ్రీనివాసరావు పుస్తకాలు లేవా సార్?" మహాప్రస్థానం నా వెనక బీరువాలోనే ఉంది. కార్డు మాత్రం శ్రీశ్రీ పేరు మీదే రాశాను. తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది. ఆ సాయంత్రమే ఇంకో కార్డు రాసి సొరుగులో పెట్టాను: ‘శ్రీరంగం శ్రీనివాసరావు. శ్రీశ్రీ చూడుము.’

గ్రంథాలయ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ ‘చూడుము’ కార్డే. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. ఆ అంకె పుస్తకానికి చోటు చూపిస్తుంది. కానీ పాఠకుడు అంకె పట్టుకుని రాడు, పేరు పట్టుకుని వస్తాడు. మన పేర్లేమో ఒక దారిన నడవవు. గుడిపాటి వెంకటాచలం అంటే చలం. కిళాంబి వెంకట నరసింహాచార్యులు అంటే ఆత్రేయ.

ఇంగ్లీషువాళ్ల ఇంటిపేరు చివర ఉంటుంది కనుక కేటలాగులో దాన్ని ముందుకు తెస్తారు. మన ఇంటిపేరు ముందే ఉంది. అదే సూత్రంతో విశ్వనాథ సత్యనారాయణను ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అని తిప్పేస్తే ఎవరికి దొరుకుతారు? పక్కనున్న తమిళుల లెక్క మళ్లీ వేరు. శియాళి రామామృత రంగనాథన్ పేరులో మొదటిది ఊరు, రెండోది తండ్రి పేరు. ఆయన్ను చివరి మాట దగ్గరే వెతకాలి.

లెక్కల మాస్టారుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చిన ఈ రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలు ప్రకటించారు. నాలుగోది పాఠకుడి సమయం వృథా కానివ్వొద్దంటుంది. సొరుగు ముందు నిలబడ్డ ఆ అమ్మాయిని చూశాకే అది నాకు నిజంగా అర్థమైంది.

ఇప్పుడు సొరుగుల చోట కంప్యూటర్లు వచ్చాయి. తెలుగు పుస్తకాల వివరాలను చాలాచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కిస్తున్నారు. ఒక్క పేరును నలుగురు నాలుగు రకాలుగా కొడతారు. ఆ రూపాలన్నీ ఒక్కరి పేరేనని ఎవరో తెలిసినవాళ్లు కలిపి రాస్తే తప్ప యంత్రానికి తెలియదు. తెలుగు పుస్తకం పేరు, రచయిత పేరు తెలుగు లిపిలో ఎక్కించి తీరాలి. మారుపేర్లన్నీ దానికి జత చేయాలి.

ఈసారి మీ ఊరి గ్రంథాలయంలో పుస్తకం కనిపించకపోతే ఊరికే వెనక్కి రాకండి. ఏ పేరుతో వెతికారో లైబ్రేరియన్‌కు చెప్పండి.